నూనె ఒక్కటి కాదు

తెలుగులో నూనె అనే మాటను విప్పి చూస్తే లోపల నువ్వులు కనిపిస్తాయి. నువ్వు, నెయ్యి కలిసిపోయి నూనె అయింది. అంటే మొదట్లో అది ఒకే ఒక్క గింజ నుంచి దిగిన జిడ్డుకు పేరు. తైలం సంగతీ అంతే, తిలల నుంచి వచ్చింది కాబట్టి తైలం. ఇంగ్లిష్ ‘ఆయిల్’ను పట్టుకుని వెనక్కి నడిస్తే ఆలివ్ చెట్టు దగ్గర తేలతాం. ఆ లెక్కన కొబ్బరి నూనె అంటే ‘కొబ్బరి నువ్వుల నెయ్యి’ అన్నమాట! ఆ మాట రానురాను గింజల్లోంచీ పండ్లలోంచీ వచ్చే ప్రతి జిడ్డుకూ అతుక్కుంది. దాంతోపాటే ఒక నమ్మకం కూడా మన బుర్రలో అతుక్కుంది: నూనెలన్నీ ఒకే జాతి, తేడా అంతా వాసనలోనూ రంగులోనే అని.

చర్మం దగ్గరికి వచ్చేసరికి చిక్కంతా ఈ నమ్మకంతోనే. మొక్కల నూనె రాశాక చర్మం పట్టులా అయిందని ఒకరు చెబుతారు. నూనె రాసిన వారానికే ముఖమంతా మొటిమలని ఇంకొకరు మొత్తుకుంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకరు వాడిన నూనె వేరు, రెండోవారి చర్మం వేరు, అంతే. ఏ నూనె, ఎవరి చర్మం, ఆ చర్మం ఇప్పుడు ఏ స్థితిలో ఉంది అని అడగకుండా ‘నూనె మంచిదా కాదా’ అని అడిగితే, ‘మాత్ర మంచిదా కాదా’ అని అడిగినట్టే.

పైపొరలో ఏముంది

చర్మంలో అన్నిటికన్నా పైన ఉండే పొర చాలా పల్చన. శరీరంలో చాలాచోట్ల దాని మందం మిల్లీమీటరులో నూరోవంతు నుంచి యాభయ్యో వంతు దాకా ఉంటుంది. అందులోనే పదిహేను, ఇరవై వరుసల మృతకణాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. శాస్త్రవేత్తలు దీన్ని ఇటుకల గోడతో పోలుస్తారు. మృతకణాలు ఇటుకలు. వాటి మధ్య సందుల్ని పూడ్చే జిడ్డు పదార్థం సున్నం. ఒంట్లో నీరు ఆవిరైపోకుండా, బయటి క్రిములూ రసాయనాలూ లోపలికి చొరబడకుండా కాపలా కాసేది ముఖ్యంగా ఈ సున్నమే.

అందులో ఏముందన్నది ఇక్కడ కీలకం. బరువు ప్రకారం చూస్తే దాదాపు సగం సెరమైడ్లు అనే ఒక రకం కొవ్వులు, నాలుగోవంతు కొలెస్టరాల్, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం విడి కొవ్వు ఆమ్లాలు. మొక్కల నూనెలో ఉండేది దాదాపు పూర్తిగా ట్రైగ్లిజరైడ్లు. ఒక గ్లిజరాల్ అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు తగిలించి ఉంటే అది ట్రైగ్లిజరైడ్. మన గోడ సున్నంలో ఇది లేనట్టే లెక్క. కాబట్టి ‘నూనె మన చర్మంలోని సహజమైన కొవ్వులాంటిదే, రాయగానే కలిసిపోతుంది’ అన్న మాట వినడానికి బాగుంటుంది కానీ నిలబడదు.

చర్మం మీద ట్రైగ్లిజరైడ్లు ఉండే జిడ్డు ఇంకొకటి ఉంది. అది సెబమ్. వెంట్రుకల కుదుళ్ల పక్కనున్న గ్రంథులు దీన్ని కారుస్తాయి. మధ్యాహ్నానికి ముక్కు మీద మెరిసేది ఇదే. ట్రైగ్లిజరైడ్లతో పాటు మైనంలాంటి అణువులైన మైనపు ఎస్టర్లు, స్క్వాలీన్ అనే మరో జిడ్డు పదార్థం ఇందులో ఉంటాయి. గోడ సున్నం వేరు, గోడ మీద కారే ఈ జిడ్డు వేరు. ముఖం జిడ్డుగా ఉండి కూడా చర్మం పొడిబారి, పొలుసులు లేచి, మంటపుట్టడం చాలామందికి అర్థంకాని విషయం. జిడ్డు పైన ఉంది, పగుళ్లు సున్నంలో ఉన్నాయి, అందుకే రెండూ ఒకేసారి సాధ్యం.

రాసిన నూనె ఎక్కడికి పోతుంది

నూనె రాసి పది నిమిషాలు ఆగితే చెయ్యి పొడిగా తగులుతుంది. ‘చర్మం పీల్చేసుకుంది’ అంటాం. నిజానికి అది పైపైన లేచిన పొలుసుల మధ్య సందుల్లోకి పాకి, పల్చగా పరుచుకుంటుంది. కొంత బట్టలకు అంటుకుపోతుంది. అణువు బరువు 500 డాల్టన్లు (అణువుల బరువును కొలిచే ప్రమాణం) దాటితే మామూలు చర్మాన్ని దాటుకుని లోపలికి పోవడం చాలా కష్టమని 2000లో బోస్, మైనార్డి అనే ఇద్దరు ఒక సూత్రం ప్రతిపాదించారు. చర్మానికి రాసే మందులు తయారుచేసేవాళ్లు ఇప్పటికీ దీన్ని గుర్తుపెట్టుకుంటారు. నూనెల్లో ఉండే ట్రైగ్లిజరైడ్ బరువు సాధారణంగా 850కి పైనే. లేజర్ మైక్రోస్కోపులతో చూసినప్పుడు కూడా మొక్కల నూనెలు మృతకణాల పై వరుసల్లోనే ఆగిపోతున్నట్టు తేలింది. అందుకే ‘చర్మం లోతుల్లోకి వెళ్లి కొలాజెన్‌ను (చర్మాన్ని బిగుతుగా ఉంచే ప్రొటీన్) పెంచుతుంది’ అని సీసా మీద చదివితే నేను ఆ సీసాను తిరిగి అరలో పెట్టేస్తాను.

మరి పైనే ఆగిపోతే లాభమేంటి? ఆ పైనున్న పనే తక్కువేం కాదు. లేచిన పొలుసులు అణిగి చర్మం నున్నబడుతుంది. ఉపరితలం సమంగా ఉంటే వెలుతురు సమంగా తిరిగొస్తుంది, దాన్నే మనం ‘గ్లో’ అంటున్నాం. అది మోసమేం కాదు, కానీ కడిగేసుకుంటే పోయేదే. రెండో పని నీటి ఆవిరిని నెమ్మదింపజేయడం. నూనెలో నీటి చుక్క కూడా ఉండదు, కాబట్టి అది చర్మానికి తేమ ‘ఇవ్వలేదు’. ఉన్న తేమను పోనివ్వకుండా మూతలా పని చేస్తుంది. ఎండిపోయిన చర్మం మీద నూనె రాస్తే ఖాళీ గిన్నె మీద మూత పెట్టినట్టు. స్నానమయ్యాక ఒళ్లు అద్దుకుని, ఇంకా కాస్త చెమ్మ ఉండగానే రాస్తే ఆ మూతకు అర్థం ఉంటుంది.

మూతగా చూస్తే మొక్కల నూనెలు మరీ గట్టివేం కావు. పెట్రోలియం జెల్లీ నీటి ఆవిరిని 98 శాతం దాకా ఆపగలదని చర్మ వైద్యులు చెబుతుంటారు. మిగతా నూనెలు ఆపేది 20 నుంచి 30 శాతమే. పెట్రోలియం అనగానే ముఖం చిట్లించేవాళ్లు చాలామందే. ముడి చమురు నుంచి వచ్చినంత మాత్రాన చెడ్డదనీ, చెట్టు నుంచి వచ్చింది కాబట్టి మంచిదనీ అనుకోవడంలో రసాయనం ఏమీ లేదు, మనసే ఉంది. బాగా శుద్ధి చేసిన పెట్రోలియం జెల్లీకి అలర్జీ రావడం చాలా అరుదు. మొక్కల నూనెల గురించి అంత ధీమాగా చెప్పలేం.

మూడో పని దగ్గరే అసలు కథ మొదలవుతుంది. చర్మం మీద బతికే బ్యాక్టీరియా, ఈస్టు ట్రైగ్లిజరైడ్లను కత్తిరించే ఎంజైములను విడుదల చేస్తాయి. మూడు కొవ్వు ఆమ్లాల గుత్తిలోంచి ఒక్కొక్కటీ విడిపోతుంది. విడిపోయిన ఆమ్లం బరువు 280 డాల్టన్ల చుట్టుపక్కల ఉంటుంది. గుత్తిగా పట్టని సందులో ఇది పడుతుంది. పైగా నూనెలో మొదటినుంచీ కొంత విడి ఆమ్లం ఉండనే ఉంటుంది. అంటే నూనె మొత్తంగా లోపలికి వెళ్లకపోయినా, దాని ముక్కలు గోడ సున్నం దాకా చేరగలవు. చేరి ఏం చేస్తాయన్నది ఏ ముక్క అన్నదాన్ని బట్టి ఉంటుంది.

రెండు ఆమ్లాల కథ

1929లో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే దంపతులు కొవ్వు అసలే లేని తిండి పెట్టి ఎలుకలను పెంచారు. వాటి చర్మం పొలుసులు దేలింది, తోకలు పుండ్లు పడ్డాయి, నీళ్లు తెగ తాగినా ఒంట్లో నిలవలేదు. లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఇచ్చాక కోలుకున్నాయి. దీన్ని శరీరం సొంతంగా తయారు చేసుకోలేదు, బయటినుంచి రావాల్సిందే. గోడ సున్నంలో ఉండే ఒక ప్రత్యేకమైన సెరమైడ్‌కు తోకలా తగిలి ఉండేది ఇదే. ఇది కరువైతే ఆ స్థానంలో వేరే ఆమ్లం వచ్చి కూర్చుంటుంది, గోడ కారడం మొదలవుతుంది. 1974లో ఈ లోపంతో బాధపడుతున్న కొద్దిమంది రోగుల ముంజేతికి లినోలిక్ ఎక్కువగా ఉండే పొద్దుతిరుగుడు నూనె రోజూ రాసి చూశారు. కొన్ని వారాల్లో రాసినచోట పొలుసులు తగ్గాయి, నీటి ఆవిరి మామూలు స్థాయికి దిగింది. నూనె ముక్కలు గోడలో చేరి పనికొస్తాయనడానికి ఇంతకన్నా సూటి రుజువు తక్కువ.

రెండోది ఒలీక్ ఆమ్లం. ఆలివ్ నూనెలో ఎక్కువగా ఉండేది ఇదే. దీని అణువు నడుమ దగ్గర వంగి ఉంటుంది. నిటారుగా, బిగుతుగా సర్దుకున్న సున్నం అణువుల మధ్యకు ఇలాంటి వంకర అణువు దూరితే అమరిక చెదిరిపోతుంది. మందుల తయారీదారులకు ఈ గుణం బాగా తెలుసు. చర్మం గుండా మందును లోపలికి పంపాలంటే దారి చేయడానికి ఒలీక్ ఆమ్లాన్ని వాడతారు. మందుకు తెరిచిన తలుపు దుమ్ముకూ సబ్బుకూ కూడా తెరిచే ఉంటుంది కదా.

2013లో బ్రిటన్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూశారు. పందొమ్మిది మంది పెద్దవాళ్లు, ముంజేతి మీద రోజుకు రెండుసార్లు కొన్ని చుక్కలు, నాలుగైదు వారాలు. ఆలివ్ నూనె రాసినచోట పైపొర పటుత్వం తగ్గింది, కాస్త ఎర్రదనం కూడా వచ్చింది. పొద్దుతిరుగుడు నూనె రాసినచోట పొర దెబ్బతినలేదు, తేమ మెరుగుపడింది. ఎగ్జిమా (దురదతో చర్మం ఎర్రబడి పగిలే జబ్బు) ఎప్పుడైనా వచ్చినవాళ్లలోనూ రానివాళ్లలోనూ ఇదే కనిపించింది. అంతకుముందు 2002లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో పొద్దుతిరుగుడు నూనె దెబ్బతిన్న పొరను త్వరగా కోలుకునేలా చేస్తే, ఆవనూనె, ఆలివ్, సోయా నూనెలు ఆలస్యం చేశాయి.

ఇక్కడ నేనొక బ్రేకు వేస్తాను. పందొమ్మిది మంది అంటే చిన్న సంఖ్యే. చర్మం నిక్షేపంగా ఉన్న పెద్దవాళ్లు అప్పుడప్పుడూ కాళ్లకు ఆలివ్ నూనె రాసుకుంటే కొంపలేం మునగవు. కానీ ఎగ్జిమా ఉన్నవాళ్లకు, తరచూ చర్మం పగిలేవాళ్లకు, పసిపిల్లలకు రోజూ రాసే నూనెగా ఆలివ్‌ను ఎంచుకోవడానికి నాకు ఒక్క కారణమూ కనిపించదు.

పసిపిల్లల సంగతి ఇంకాస్త సున్నితం. బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలోని ఒక ఆసుపత్రిలో బాగా నెలలు తక్కువగా పుట్టిన శిశువులకు పొద్దుతిరుగుడు నూనె రాసి చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. నూనె రాయనివారితో పోలిస్తే ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయి. పెద్ద ఫలితమే. అయితే ఆ శిశువుల చర్మం ఇంకా పూర్తిగా తయారే కాలేదు, వాళ్లున్నది ఆసుపత్రి వార్డులో. నెలలు నిండి పుట్టిన పిల్లల మీద మాంచెస్టర్‌లో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనం వేరే మాట చెప్పింది. ఆలివ్ రాసినా, పొద్దుతిరుగుడు రాసినా తేమ పెరిగింది కానీ, సున్నం పొరలు అమరాల్సినంత చక్కగా అమరలేదు. ఏమీ రాయని పిల్లల్లో ఆ అమరిక మెరుగ్గా ఉంది. దానంతటది కట్టుకుంటున్న గోడలో మనం వేలు పెట్టినట్టయిందన్నమాట.

ఇప్పుడు అసలు మెలిక. ‘పొద్దుతిరుగుడు నూనె’ అని సీసా మీద రాసి ఉన్నంత మాత్రాన అందులో లినోలిక్ ఆమ్లమే ఎక్కువని అనుకోకండి. మామూలు రకంలో అది 60 శాతం అటూఇటూగా ఉంటుంది. కానీ త్వరగా పాడవకుండా, వేడికి తట్టుకునేలా పెంచిన ‘హై ఒలీక్’ రకాలు వచ్చాయి. వాటిలో ఒలీక్ ఆమ్లమే 80 శాతం దాకా ఉంటుంది. పేరు పొద్దుతిరుగుడుదే, గుణం దాదాపు ఆలివ్‌ది. కుసుమ నూనెలోనూ ఇలాగే రెండు రకాలున్నాయి. మామూలు కుసుమలో లినోలిక్ ఆమ్లం 75 శాతం దగ్గర ఉంటుంది. ద్రాక్ష గింజల నూనెలో కూడా ఇదే ఎక్కువ. నువ్వుల నూనెలో రెండూ దాదాపు సమానం, చెరో నలభై శాతం. బాదం నూనె, ఆర్గాన్ నూనె ఒలీక్ వైపు మొగ్గుతాయి. ఆర్గాన్ కాస్త తక్కువగా, బాదం బాగా ఎక్కువగా.

కొబ్బరి దారే వేరు

కొబ్బరి నూనె ఈ తగవులో లేదు. దానిలో 90 శాతం దాకా సంతృప్త కొవ్వులే, అందులో సగం లారిక్ ఆమ్లం. 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. లారిక్ ఆమ్లానికీ, దాన్నుంచి పుట్టే మోనోలారిన్‌కూ కొన్ని బ్యాక్టీరియాలను అణిచే గుణం ఉంది. ఎగ్జిమా ఉన్నవారి చర్మం మీద స్టఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా గుంపులుగా చేరి దురదను పెంచుతుంది కాబట్టి ఇక్కడ ఈ గుణానికి విలువ ఉంది. 2014లో ప్రచురితమైన ఒక పరీక్షలో ఎగ్జిమా ఉన్న 117 మంది పిల్లల్లో కొందరికి వర్జిన్ కొబ్బరి నూనె, మిగతావారికి మినరల్ ఆయిల్ (ముడి చమురు నుంచి శుద్ధి చేసిన నూనె) ఎనిమిది వారాలు రాశారు. వ్యాధి తీవ్రత స్కోరు కొబ్బరి నూనె వర్గంలో సగటున 68 శాతం, మినరల్ ఆయిల్ వర్గంలో 38 శాతం తగ్గింది. అంతకుముందు 2004లో మామూలుగా పొడిబారిన చర్మం మీద పోల్చినప్పుడు మాత్రం రెండూ సమానంగా పనిచేశాయి. అంటే ఉత్త పొడితనానికి అది మరో మూత మాత్రమే. బ్యాక్టీరియా గొడవ ఉన్నచోట దాని ప్రత్యేకత బయటపడుతుంది.

అదే కొబ్బరి నూనె మొటిమలొచ్చే ముఖానికి మాత్రం నేను సిఫారసు చెయ్యను. ఇంతకీ అది చర్మ రంధ్రాలను పూడుస్తుందన్న పేరు ఎలా వచ్చిందన్నదీ ఒక కథే.

కుందేలు చెవి లెక్కలు

ఇంటర్నెట్‌లో నూనెల పక్కన 0 నుంచి 5 దాకా అంకెలు కనిపిస్తాయి. రంధ్రాలను ఎంత పూడుస్తుందో చెప్పే స్కేల్ అట. వీటిలో చాలా అంకెలు పుట్టింది 1970, 80లలో కుందేళ్ల చెవుల మీద చేసిన పరీక్షల్లోంచి. పదార్థాన్ని చెవి లోపలివైపు కొన్ని వారాలు రాసి, కుదుళ్లు పూడుకున్నాయో లేదో చూసేవారు. కుందేలు చెవి కుదుళ్లు మన ముఖం కన్నా చాలా తేలిగ్గా పూడుకుంటాయి. పైగా రాసింది చిక్కటి పదార్థం, మనం వాడేది క్రీములో కలిసిన కొద్దిపాటి పదార్థం. రంధ్రాలు పూడుస్తాయని పేరుపడ్డ పదార్థాలతో చేసిన తుది ఉత్పత్తులను మనుషుల మీద పరీక్షిస్తే అవి తప్పనిసరిగా మొటిమలు తెప్పించడం లేదని 2006లో ఒక అధ్యయనం చూపించింది. కాబట్టి ఆ అంకెను జాతకంలా నమ్మక్కర్లేదు. ‘నాన్‌కొమెడోజెనిక్’ (రంధ్రాలను పూడ్చదు) అన్న ముద్ర వెనకా అందరూ ఒప్పుకున్న ఒకే పరీక్షంటూ లేదు.

అయినా మొటిమల ముఖానికి నూనె ఎంపికలో ఒక తర్కం ఉంది. మొటిమలు ఉన్నవారి సెబమ్‌లో లినోలిక్ ఆమ్లం పాలు తక్కువగా ఉంటుందని 1980లలోనే గమనించారు. దీన్ని బట్టి, రాయక తప్పదంటే లినోలిక్ ఎక్కువున్న పల్చటి నూనెను కొద్దిగా వాడటం కొంత నయం. ‘లినోలిక్ రాస్తే మొటిమలు పోతాయి’ అనేంత రుజువు మాత్రం లేదు. అసలు ముఖం నిండా జిడ్డు, మొటిమలు ఉన్నవాళ్లకు నూనె అవసరమేంటన్నది నా ప్రశ్న. నీటి ఆధారంగా చేసిన పల్చటి మాయిశ్చరైజర్ ఆ పని ఇంకా బాగా చేస్తుంది.

దీనికన్నా తక్కువమందికి తెలిసిన చిక్కు మలసీజియా. మనందరి చర్మం మీదా ఉండే ఈ ఈస్టుకు సొంతంగా కొవ్వు ఆమ్లాలు తయారు చేసుకునే శక్తి లేదు, బయట దొరికిన కొవ్వు తినే బతుకుతుంది. చుండ్రు, కనుబొమలూ ముక్కు పక్కల ఎర్రబడి పొట్టు రాలే సెబోరిక్ డెర్మటైటిస్, ఛాతీ వీపుల మీద దురదతో వచ్చే ఒకేలాంటి చిన్న చిన్న పొక్కులు దీనితో ముడిపడ్డవే. ల్యాబ్‌లో ఈ ఈస్టును పెంచాలంటే పాత్రలో ఆలివ్ నూనె పోస్తారు! పొట్టు రాలుతోంది కదా, పొడిబారిందేమో అనుకుని అదే నూనెను కనుబొమలకు పట్టించేవాళ్లు ఏం చేస్తున్నట్టో వేరే చెప్పక్కర్లేదు. ఇలాంటి చోట మొక్కల నూనె ఆపేయడమే సగం వైద్యం.

పేరుకే నూనెలు

జొజొబాను నూనె అంటాం కానీ అది ద్రవరూపంలో ఉన్న మైనం. దానిలో ట్రైగ్లిజరైడ్లు దాదాపు ఉండవు, 97 శాతం దాకా మైనపు ఎస్టర్లే. సెబమ్‌లో నాలుగోవంతు ఉండేదీ ఇలాంటి ఎస్టర్లే కాబట్టి ‘మన జిడ్డుకు దగ్గరి చుట్టం’ అన్న ప్రచారంలో కొంత నిజముంది. ఎడారి పొద గింజల్లోంచి వచ్చే ఈ మైనానికి గిరాకీ పెరిగింది 1970లలో, స్పెర్మ్ తిమింగలం నూనె వాడకం మీద ఆంక్షలు వచ్చాక. అది త్వరగా పాడవదు, చర్మం మీద బరువుగా తగలదు. స్క్వాలేన్ ఇలాంటి ఇంకొకటి. సెబమ్‌లోని స్క్వాలీన్ గాలికి తేలిగ్గా చెడిపోతుంది. దానికి హైడ్రోజన్ చేరిస్తే స్థిరంగా నిలిచే స్క్వాలేన్ వస్తుంది. ఒకప్పుడు సొరచేప కాలేయం నుంచి తీసేవారు, ఇప్పుడు ఆలివ్ నుంచీ చెరకు నుంచీ కూడా తయారు చేస్తున్నారు. నూనె వాడాలని ఉంది కానీ మొటిమల భయం ఉందనేవాళ్లు నన్నడిగితే ఈ రెండింటి పేర్లే చెబుతాను. ఆముదం ఇంకో వింత. దానిలో 90 శాతం దాకా రిసినోలిక్ ఆమ్లం. ఆ అణువుకున్న అదనపు కొమ్మ వల్లే అంత చిక్కదనం. లిప్‌స్టిక్కులు పెదవిని పట్టుకుని ఉండటం వెనక తరచూ ఆముదమే ఉంటుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన గందరగోళం ఎసెన్షియల్ ఆయిల్స్‌తో. టీ ట్రీ, లావెండర్, నిమ్మ, బెర్గమాట్ (ఒక నిమ్మజాతి పండు) లాంటివి. వీటికి కొవ్వుతో సంబంధమే లేదు. ఆకులు, పూలు, తొక్కల్లోని ఆవిరయ్యే సుగంధ రసాయనాలను బాగా చిక్కబరిచిన సారం ఇవి. కొబ్బరి నూనె రాసినట్టు వీటిని నేరుగా రాయకూడదు. వీటిలో ఉపయోగాలు లేవని కాదు. 1990లో 124 మంది మొటిమల రోగుల మీద చేసిన పోలికలో 5 శాతం టీ ట్రీ జెల్, మొటిమలకు మామూలుగా వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ మందుకన్నా నెమ్మదిగానే అయినా పనిచేసింది, దుష్ప్రభావాలు తక్కువ. అక్కడున్నది 5 శాతం అని మర్చిపోకూడదు. సువాసనకు కారణమైన లిమొనీన్, లినలూల్ గాలి తగిలి మారిపోయాక అలర్జీ తెప్పిస్తాయి. అందుకే ఐరోపా సమాఖ్య సౌందర్య ఉత్పత్తుల మీద ఇలాంటి 26 పదార్థాల పేర్లు రాయాలని నిబంధన పెట్టి, 2023లో ఆ జాబితాను 80 దాటించింది. బెర్గమాట్ లాంటి వాటిలో ఉండే బెర్గాప్టెన్ ఒంటి మీద ఉండగా ఎండలోకి వెళితే కాలినట్టు బొబ్బలు లేచి, నల్లటి మచ్చలు నెలల తరబడి మిగులుతాయి.

సీసా మీది మాటలు

రోజ్‌హిప్ (గులాబీ జాతి మొక్కల కాయ) నూనెలో విటమిన్ సి పుష్కలమని చాలాచోట్ల రాస్తారు. రోజ్‌హిప్ పండులో నిజంగానే పుష్కలం. కానీ విటమిన్ సి నీటిలో కరిగేది, నూనెలోకి దిగదు. గింజ పిండిన నూనెలో అది ఉండే అవకాశమే లేదు. ఆ నూనెలో మంచి లినోలిక్ ఆమ్లం, దాని చుట్టమైన లినోలెనిక్ ఆమ్లం ఉన్నాయి, అవి చెప్పుకుంటే చాలు. రాస్‌ప్‌బెర్రీ గింజల నూనె సన్‌స్క్రీన్‌లా పనిచేస్తుందన్న ప్రచారం ఇంకా హానికరం. ఒక నూనె ల్యాబ్‌లో కొన్ని అతినీలలోహిత కిరణాలను పీల్చుకోవడం వేరు, చర్మం మీద పల్చగా పరిచినప్పుడు గంటల తరబడి ఎండను ఆపడం వేరు. ఏ మొక్కల నూనే సన్‌స్క్రీన్‌కు బదులు కాదు. గర్భిణుల పొట్ట మీద చారలు రాకుండా ఆలివ్ నూనె, కోకో బటర్ లాంటివి ఆపుతాయనడానికి గట్టి ఆధారాలు లేవని వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 2012లో తేల్చింది. మర్దనా హాయినిస్తుంది, అంతవరకే.

‘కోల్డ్ ప్రెస్డ్’ ఎప్పుడూ మేలన్నదీ సగం నిజమే. వేడి తగలకుండా పిండిన నూనెలో విటమిన్ ఇ, ఇతర రక్షక పదార్థాలు ఎక్కువ మిగులుతాయి. వాటితోపాటు విడి కొవ్వు ఆమ్లాలూ, గింజలోని ప్రొటీన్ జాడలూ మిగులుతాయి. అలర్జీ తెచ్చేవి ఆ ప్రొటీన్లే. 2003లో బ్రిటన్ పిల్లల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, వేరుశనగ నూనె కలిసిన క్రీములు దద్దుర్ల మీద రాసిన పిల్లల్లో వేరుశనగ అలర్జీ ఎక్కువగా కనిపించింది. ఇది కారణమని ఆ ఒక్క అధ్యయనంతో తేలిపోదు. కానీ దెబ్బతిన్న చర్మం ద్వారా పరిచయమైన ఆహారాన్ని శరీరం శత్రువుగా గుర్తుపెట్టుకోవచ్చన్న ఆలోచనకు ఆ తర్వాత బలం పెరుగుతూనే వచ్చింది. సున్నితమైన చర్మానికి వాసనా రంగూ లేని శుద్ధి చేసిన నూనే కొన్నిసార్లు సురక్షితం. ‘సహజం’ అనిపించకపోయినా సరే.

ఇక నిల్వ. చర్మానికి మేలు చేసే లినోలిక్, లినోలెనిక్ ఆమ్లాలే గాలికి ముందుగా పాడవుతాయి, అది వాటి అణువుల్లోని జంట బంధాల శాపం. పాడైన నూనెలో పుట్టే పెరాక్సైడ్లు చర్మాన్ని మండిస్తాయి. కాబట్టి రోజ్‌హిప్, ద్రాక్ష గింజలు, అవిసె లాంటి నూనెలు చిన్న ముదురురంగు సీసాల్లోనే కొనాలి, చల్లగా దాచాలి, పాత నూనె కంపు వచ్చిన రోజునే పారేయాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తూ తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. వడ్రంగులకు ఇది తెలుసు, చర్మానికి రాసుకునేవాళ్లకు ఎవరూ చెప్పరు.

నూనెకు నేను పూర్తి మార్కులేసే పని ఒకటుంది: కడగడం. జిడ్డును జిడ్డే కరిగిస్తుంది. గట్టి సన్‌స్క్రీన్, మేకప్ లాంటివి సబ్బుతో రుద్దితే క్షారానికి గోడ సున్నం కూడా కొంత కొట్టుకుపోతుంది. కాస్త నూనెతో మర్దనా చేసి తుడిచి, తర్వాత మృదువైన క్లెన్సర్‌తో కడిగితే ఆ నష్టం తగ్గుతుంది. నూనె చర్మం మీద ఉండేది నిమిషమే కాబట్టి ఒలీక్ భయం కూడా పెద్దగా అక్కర్లేదు.

కొత్త నూనె ఏదైనా ముఖానికి పోయేముందు ముంజేతి లోపలివైపో, మోచేతి మడతలోనో రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు, వారం నుంచి పది రోజులు రాసి చూడాలి. ఒక్క పూట చూసి వదిలేస్తే ఆలస్యంగా వచ్చే అలర్జీ దొరకదు. ముఖానికి రెండు మూడు చుక్కలు చాలు. గ్లిజరిన్ లేదా యూరియా ఉన్న మాయిశ్చరైజర్ రాసి దాని మీద నూనె వేస్తే, ముందు నీరు, ఆపైన మూత అన్న వరుస కుదురుతుంది. చర్మం చిట్లి రసి కారుతున్నా, పసుపుపచ్చని పక్కులు కడుతున్నా, ఎర్రదనం రోజురోజుకూ పాకుతున్నా అది నూనెతో తీరే సమస్య కాదు. సీసా మూత తియ్యకుండానే చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇంట్లో ఏయే నూనెలు రాశారో ఆ పేర్లు కూడా చెప్పండి, చాలామంది ‘నూనె’ అని ఊరుకుంటారు.